రాకింగ్‌కు తెలుగు మాట: ఊగడమా, తూగడమా?

ప్రశ్న:

భూకంపాల మీద తెలుగులో వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. పునాదికి బిగించకుండా తన బరువుతోనే నిలబడిన రాతి స్తంభమో దిమ్మో నేల కదిలినప్పుడు ఒక అంచు మీదికి ఒరిగి, రెండో అంచు గాలిలోకి లేచి, తిరిగి నేలను తాకి, అటువైపు ఒరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని రాకింగ్ అంటారు. అనువాదాల్లో దీనికి ‘ఊగడం’ అనే మాటే ఎక్కువగా కనబడుతోంది. అది సరిపోతుందా?

స్పందన:

నా అభిప్రాయంలో సరిపోదండీ. ఊయల ఊగుతుంది, గడియారపు లోలకం ఊగుతుంది. రెండింటికీ ఆధారం పైన ఉంటుంది, అది మారదు. మీరు చెప్పిన దిమ్మకు ఆధారం కింద ఉంది, పైగా అది ఒక అంచు నుంచి రెండో అంచుకు మారుతూ ఉంటుంది. ఒక మందపాటి అట్ట పుస్తకాన్ని బల్ల మీద నిలువుగా పెట్టి, కొద్దిగా ఒరిగించి వదిలి చూడండి. మొదట టక్కు, టక్కు మని తీరిగ్గా వినబడే చప్పుడు పోనుపోను దగ్గరపడి, చివరికి టకటకమని ఆగిపోతుంది. చిన్న ఊపులలో లోలకానికి ఊపు తగ్గినా పట్టే కాలం దాదాపు మారదు. దిమ్మకు ఒరుగు ఎంత పెద్దదైతే కాలం అంత ఎక్కువ. దానికంటూ ఒక స్థిరమైన లయ లేదు కాబట్టే, నేల ఒకే లయలో కదిపి దాని ఊపును క్రమంగా పెంచుకుంటూ పోవడం తేలిక కాదు. అంచు నేలను తాకిన ప్రతిసారీ కొంత శక్తి కూడా ఖర్చవుతుంది. మనకు వినబడే టక్కు అదే.

అందుకని నేను ‘తూగడం’ సూచిస్తాను. తూగుటుయ్యాల అన్నప్పుడు అందులో ఊపు ఉంది, సరితూగడం అన్నప్పుడు బరువు ఉంది. ఈ కదలికలో పడదోయడానికి చూసేదీ, వెనక్కి లాగేదీ ఆ బరువే. ఒరుగు ఒక హద్దులో ఉన్నంతసేపు బరువు వెనక్కి లాగుతుంది. గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, ఆధారపు అంచును దాటితే అదే బరువు కిందికి తోస్తుంది. ‘స్థిరత్వం’ బదులు కూడా ‘నిలకడ’ అంటే మేలు, ఎందుకంటే స్థిరం అనగానే కదలనిదనే అర్థం ముందుకొస్తుంది, ఇక్కడేమో కదులుతూనే నిలబడాలి.

1960 చిలీ భూకంపాల్లో, గోల్ఫ్ బంతిని మేకు మీద నిలిపినట్టు సన్నని కాడ మీద ఉన్న కొన్ని నీటి ట్యాంకులు నిలిచాయి. చూపుకు వాటికన్నా ఎంతో గట్టిగా కనిపించిన కాంక్రీటు ట్యాంకులు మాత్రం తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఇదెలా సాధ్యమని భూకంప ఇంజనీరు జార్జ్ హౌస్నర్ 1963లో లెక్క కట్టి చూపారు. దిమ్మ వెడల్పు ఎత్తులో నాలుగో వంతు అయితే, నేల త్వరణం గురుత్వ త్వరణంలో నాలుగో వంతు దాటితే గానీ అంచు లేవదు. దిమ్మ చిన్నదైనా పెద్దదైనా ఈ లెక్క ఒకటే. కానీ లేచాక పడుతుందా లేదా అన్నది పరిమాణం మీద ఆధారపడుతుంది. ఒకే ఆకారంలో ఉన్న రెండు దిమ్మల్లో పెద్దదాన్ని పడదోయడమే కష్టం. ఎత్తయినదే ముందు పడుతుందన్న మన ఊహకు ఇది అడ్డం తిరుగుతుంది.

ప్రశ్న వేసినవారు:

‘తూగు’ నచ్చింది గాని, వాడుకలో ఆ మాట వినగానే కునుకుపాట్లో, తాగినవాడి నడకో గుర్తొస్తుందేమో. అదీగాక పడిపోయే దశకు ఏమందాం? ‘తూలడం’ అనవచ్చా?

స్పందన:

కునుకుపాట్లలో కూడా తల వాలి, మళ్లీ లేస్తుంది కదా. పోలిక చెడలేదనే అనుకుంటాను. తూలడం మాత్రం హద్దు దాటిన దశకు వాడండి, పడిపోవడానికి వాడకండి. తూలినవాడు పడవచ్చు, నిలదొక్కుకోనూ వచ్చు. దిమ్మ కూడా అంతే: హద్దు దాటి ఒరిగినా, సరిగ్గా ఆ క్షణంలో నేల దాని కిందికి జరిగితే వెనక్కి రాగలదు. పూర్తిగా పడినప్పుడు ‘బోల్తా పడింది’ అంటే చాలు.

‘నిలదొక్కుకోవడం’ కూడా ఇక్కడ వదులుకోరాని మాట. అందులో ఉన్నది తొక్కడమే. న్యూజిలాండ్‌లో 1981లో ప్రారంభమైన సౌత్ రంగిటికీ రైలు వంతెన స్తంభాలకు రెండేసి కాళ్లు ఉన్నాయి. పెద్ద భూకంపంలో ఒక కాలు సుమారు 13 సెంటీమీటర్ల దాకా పైకి లేచి, మళ్లీ నేల తొక్కేలా వాటిని కట్టారు. లేచే హద్దును మీరకుండా ఆపే ఏర్పాటూ, మెలితిరిగి శక్తిని మింగే ఉక్కు భాగాలూ అడుగున ఉన్నాయి. ఆ వంతెన గురించి రాసేచోట ‘తూగే వంతెన’ కన్నా ‘అడుగులు మార్చి నిలదొక్కుకునే వంతెన’ అనండి.