క్యూబా వాళ్లకో రూలు, హైతీ వాళ్లకో రూలు: రంగు చూసా, రాజకీయం చూసా?

గోదారోడు:
రెండు దేశాల నుంచీ జనం పడవలెక్కి అమెరికాలోని ఫ్లోరిడాకే వచ్చారు. క్యూబా మనిషైతే 1966 నాటి చట్టం కింద ఇప్పటికీ, పెరోల్ మీద (అంటే వీసా లేకపోయినా తాత్కాలికంగా రానిచ్చే అనుమతి మీద) లోపలికి వచ్చి ఏడాది ఉంటే గ్రీన్ కార్డుకి అప్లై చేసుకోవచ్చు. హైతీ మనిషైతే మయామీ శివార్లలో వలసొచ్చినవాళ్లని బంధించి ఉంచే క్రోమ్ డిటెన్షన్ సెంటరు. అక్కడిదాకా రానిచ్చినా నయమే. 1981లో అధ్యక్షుడు రీగన్ హైతీ నియంత డువాలియేతో ఒప్పందం చేసుకుని కోస్ట్ గార్డు చేత నడిసముద్రంలోనే ఆపించాడు. 1990 వరకు అలా ఆపింది 22,940 మందిని, ఆశ్రయానికి అప్లై చేసుకునే అర్హత ఉందని తేల్చింది 11 మందికి. పదకొండంటే పదకొండే! హైతీ వాళ్లు ఎక్కువగా నల్లజాతివాళ్లు. ఇది ఒంటి రంగు చూసి కాదంటే ఎలా కాదో చెప్పండి.

డాలస్ బావ:
అంత సింపుల్ కాదన్నా. అది కోల్డ్ వార్ కాలం, క్యూబా కమ్యూనిస్టు పాలకుడు కాస్ట్రో నుంచి పారిపోయొచ్చిన ప్రతి మనిషీ అమెరికాకి ప్రచారమే. డువాలియే ఏమో కమ్యూనిస్టులంటే పడనివాడు, అమెరికాకి కావాల్సినవాడు, అతని దగ్గర్నుంచి పారిపోయినవాణ్ణి శరణార్థి అంటే ఆయన దుర్మార్గుడని ఒప్పుకున్నట్టే కదా, అందుకే వీళ్లు పొట్టకూటి కోసం వచ్చారని ముద్ర వేశారు. ఇంకోటి, ఎవర్నైనా వెనక్కి పంపాలంటే అవతలి దేశం తీసుకోవాలి. క్యూబా చాలాకాలం ససేమిరా అంది, హైతీ సంతకం పెట్టి మరీ తీసుకుంది. పైగా మయామీలో క్యూబా వాళ్లకి ఓట్లున్నాయి.

పద్మక్క:
మరి కోల్డ్ వార్ ముగిశాక ఏమైంది బావగారూ? 1991 సెప్టెంబరులో హైతీలో ఎన్నికైన అధ్యక్షుడు అరిస్టీడ్‌ని సైన్యం దించేసింది, జనం మళ్లీ పడవలెక్కారు. 1992 మేలో పెద్ద బుష్, విచారణ కూడా లేకుండా ఆ సైన్యం దగ్గరికే తిప్పి పంపమన్నాడు. క్లింటన్ ప్రచారంలో దాన్ని తప్పుబట్టి, గెలిచాక అదే కొనసాగించాడు. 1993లో సుప్రీంకోర్టు 8-1తో సరేనంది. 1995లో తడి కాలు, పొడి కాలు రూలొచ్చింది: క్యూబా వాడు నీళ్లలో దొరికితే వెనక్కి, ఒడ్డున కాలు పెడితే ఇక్కడే. హైతీ వాడికి ఏ కాలైనా ఒకటే. 2002 అక్టోబరులో మయామీ పక్కనే పడవ ఇసుకలో ఇరుక్కుంటే 200 మందికి పైగా నీళ్లలోకి దూకి రోడ్డెక్కి పరిగెత్తారు, టీవీల్లో లైవ్. వాళ్లవి పొడి కాళ్లే కదా? పట్టుకెళ్లి లోపలేశారు.

క్యూలో ఉన్నా:
నేను పదేళ్లుగా గ్రీన్ కార్డు లైన్లో ఉన్నా, ఏడాదికిచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి అంట. క్యూబా వాడికి ఏడాదిలో అంటే నాకు కడుపుమంటగానే ఉంటుంది, ఏమనుకున్నా సరే.

పద్మక్క:
మంట న్యాయమే తమ్ముడూ, కానీ నిన్నెవరూ నడిసముద్రంలో ఆపి వెనక్కి పంపలేదు. ఆ గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టు.

డాలస్ బావ:
అక్కా, తడి కాలు రూలు 2017 జనవరిలో ఒబామా తీసేశాడు. 2023లో బైడెన్ పెట్టిన పెరోల్ స్కీము క్యూబా, హైతీ రెండింటికీ ఒకటే, 2025లో ట్రంప్ రద్దు చేసిందీ ఇద్దరికీ. బోర్డర్‌లో ఐ-220ఎ అనే విడుదల కాగితం ఇచ్చి వదిలిన క్యూబా వాళ్లయితే, అది పెరోల్ కింద లెక్క కాదని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు అనేసరికి 1966 చట్టం ఉండి కూడా ఇరుక్కుపోయారు. రంగే కారణమైతే వీళ్లకెందుకీ గతి?

గోదారోడు:
ఓట్ల సంగతి ఒప్పుకుంటా, రంగు ఒక్కటే అన్నది నా తొందరే. కానీ వెనక్కి తీసుకోరు కాబట్టి అన్న వాదన నాకు ఎక్కట్లేదు. 1980లో క్యూబాలోని మరియెల్ రేవు నుంచి 1,25,000 మంది క్యూబా వాళ్లు దిగినప్పుడు, అదే రోజుల్లో వచ్చిన సుమారు 25,000 మంది హైతీయన్లని కూడా అప్పటి అధ్యక్షుడు కార్టర్ క్యూబన్-హైతియన్ ఎంట్రంట్స్ అని ఒకే పేరు కింద ఉండనిచ్చాడు. అంటే కావాలనుకుంటే కుదిరింది. ఇక చట్టాలు చూడు: 1998లో హైతీ వాళ్లకి ఇచ్చిన గ్రీన్ కార్డు చట్టం 1995 డిసెంబరు 31 నాటికి ఇక్కడున్నవాళ్లకే, అందులోనూ బోలెడు షరతులు. 2010 భూకంపం తర్వాత ఇచ్చిన టీపీఎస్ (వెనక్కి పంపకుండా కొంతకాలం ఉండనిచ్చే తాత్కాలిక రక్షణ) అయితే పొడిగిస్తారా లేదా అని ప్రతిసారీ టెన్షనే. క్యూబా చట్టంలో మొదలయ్యే తేదీ ఉంది, 1959 జనవరి 1. ముగిసే తేదీ లేదు. దీనికేమంటావ్ బావా?