క్యూ (మందును గుర్తుచేసే లైటు, టోన్ సంకేతం) పరీక్షలో పనిచేయని లీవర్‌నూ ఎలుకలు ఎందుకు నొక్కుతున్నాయి?

ఎలుకలు కొకైన్‌ను తమంతట తామే తీసుకునే ప్రయోగం ఇది. సెషన్ 2 గంటలు. బోనులో రెండు లీవర్లు, రెండోది నొక్కితే ఏమీ రాదు. మొదటిది ఒక్కసారి నొక్కితే కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల డోసు, దాంతోపాటు లైటు, టోన్, ఆ తర్వాత 20 సెకన్ల విరామం. శిక్షణలో మందు వచ్చే లీవర్‌నే స్పష్టంగా ఎంచుకున్నాయి. మందు, లైటు, టోన్ అన్నీ ఆపేశాక నొక్కడం బాగా తగ్గింది.

చిక్కంతా క్యూ పరీక్షలోనే. మందు లేకుండా లైటు, టోన్ మాత్రమే తిరిగి ఇస్తే రెండు లీవర్లనూ దాదాపు సమానంగా నొక్కుతున్నాయి. ఊరికే హుషారు పెరిగినా ఇలాగే కనిపిస్తుంది కదా, దీన్ని మందు కోసం వెతుకులాట అనలేం. స్విచ్‌లు సరిచూశాం, బోనులు మార్చాం, ఎలుకలను చేతికి ఇంకా అలవాటు చేశాం. తేడా లేదు.

సెషన్ మొదట్లో నొక్కకుండానే ఒకసారి క్యూ ఇస్తున్నాం. అది తీసేస్తే రెండో లీవర్ నొక్కడం తగ్గుతుందా?