మాయాబజార్ కొత్త టీవీలో మైనంబొమ్మల కొలువులా ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న – పానగల్లు వాసి, నల్లగొండ

మా నాయనకు నిరుడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు తేటపడ్డాక ఆయన మొట్టమొదట అడిగింది, చిన్నప్పుడు హాలియా దగ్గర డేరా టాకీసులో నేల మీద కూర్చుని చూసిన మాయాబజార్‌ను మళ్లీ చూపించమని. ఆ ముచ్చట తీర్చడానికే సంక్రాంతికి 55 అంగుళాల 4కె టీవీ కొని, ఇంటర్నెట్‌లో "ఫుల్ హెచ్‌డీ" అని రాసి ఉన్న ప్రతిని వెతికి పెట్టాను. పది నిమిషాలు చూసి, "ఇది నేను చూసిన బొమ్మ కాదురా, అందరి మొఖాలకు మైనం పూసినట్టున్నది" అని లేచి వాకిట్లోకి వెళ్లిపోయారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మనుషులు పొట్టిగా, లావుగా ఉన్నారు. కదలికలు టీవీ సీరియల్‌లా జారిపోతున్నాయి. తెలుపు కాస్తా నీలి మందు వేసిన పంచెలా ఉంది. టీవీ అమ్మిన దుకాణంవారికి చెబితే ఒకతను వచ్చి, రిమోట్ నొక్కి బొమ్మను తెర నిండా నింపి, పక్కన నల్లపట్టీలు ఉంచుకుంటే పెట్టిన డబ్బు దండగ కదా అని చెప్పి వెళ్లాడు. ఇప్పుడు పొట్టితనం పోయింది కానీ తలలు తెగుతున్నాయి. లోపం టీవీదా, ప్రతిదా? రంగులు వేసిన ప్రతి పెడితే నయమా? సౌండ్‌బార్ కూడా కొనమంటున్నారు, అవసరమా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – దేవరకొండ నుంచి ఒక లెక్కల మాస్టారు

మీ టీవీకి మూడు జబ్బులు ఒకేసారి పట్టాయి, ఒక్క మందుతో పోవు.

మొదటిది ఆకారం. 1957 నాటి మాయాబజార్‌ను తీసిన చట్రంలో ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. మీ టీవీలో వెడల్పు 1.78. సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. సాగదీయకుండా పెద్దది చేసి నింపితే పైనా కిందా కలిపి బొమ్మలో దాదాపు నాలుగో వంతు తెర బయటికి పోతుంది. "వివాహ భోజనంబు" పాట పెట్టి చూడండి: ఘటోత్కచుడి కిరీటమో, ఆయన ముందున్న వంటకాలో, రెండింట్లో ఒకటి వదులుకోవలసి వస్తుంది. ఇక దండగ సంగతికి వస్తే, 55 అంగుళాల తెర ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు. పక్కన పట్టీలు ఒక్కొక్కటి 14 సెంటీమీటర్లు పోయినా బొమ్మ వెడల్పు 94 సెంటీమీటర్లు మిగులుతుంది. మన పాత 21 అంగుళాల డబ్బా టీవీలో మొత్తం బొమ్మ వెడల్పు 45 సెంటీమీటర్లు కూడా ఉండేది కాదు. కాబట్టి మీరు పెట్టిన డబ్బు ఎక్కడికీ పోలేదు, పట్టీలను అలాగే ఉండనివ్వండి.

రెండోది టీవీ చేసే అతి తెలివి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలే ఉంటాయి. టీవీ వాటి మధ్య లేని బొమ్మలను తానే కల్పించి దూరుస్తుంది. మీకు సీరియల్‌లా తోచింది అందుకే. సెట్టింగుల్లో "మోషన్" అన్న మాట ఎక్కడున్నా దాన్ని ఆపండి. దుకాణంలో మెరిపించడానికి పెట్టే "వివిడ్" తీసేసి "సినిమా" లేదా "ఫిల్మ్‌మేకర్" మోడ్ పెడితే ఆ నీలం కూడా పోతుంది. షార్ప్‌నెస్, నాయిస్ తగ్గింపు రెండింటినీ బాగా దించండి.

మూడోది ప్రతిలోని లోపం, దానికి మాత్రం రిమోట్‌లో మందు లేదు. పాత వీసీడీలో ఒక బొమ్మకు 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. అంటే మొత్తం లక్ష చుక్కలు. మీ 4కె తెర మీద ఉన్నవి 83 లక్షలు. పిడికెడు పిండితో పెనమంత జొన్నరొట్టె కొట్టబోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు. అలాంటి ప్రతినే యంత్రంతో ఉబ్బించి హెచ్‌డీ అని పేరు పెట్టేవారు చాలామంది ఉన్నారు. గుర్తుపట్టడానికి నేను చేసేది ఇది: దగ్గరి షాటులో బొమ్మను ఆపి నుదురు, జుట్టు అంచు, మెడలోని నగ చూస్తాను. అసలు ఫిలిం నుంచి స్కాన్ చేసిన ప్రతిలో నుదుటి మీద సన్నని ఇసుక చల్లినట్టు రేణువులు ఉంటాయి, నగలో పూస పూసా విడిగా తెలుస్తుంది. ఉబ్బించిన ప్రతిలో నుదురు గాజుపలకలా ఉంటుంది, నగ ముద్దగా అతుక్కుపోతుంది, చేయి వేగంగా కదిలితే దాని అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు లేస్తాయి. మీ నాయన మైనం అన్నది దీన్నే అయి ఉండాలి. ఆయన కన్ను బాగానే పనిచేస్తోంది.

జవాబు – సినిమా హాలు విశ్రాంత ఆపరేటర్, మహబూబ్‌నగర్

మాస్టారు గారు చెప్పినదాంట్లో నాకు పేచీ లేదు. తలలు తెగడం మాత్రం టీవీతో మొదలైన పాపం కాదు. తెరలు వెడల్పయ్యాక మేము కూడా పాత సినిమాలను వెడల్పు ప్లేటు పెట్టే ఆడించేవాళ్లం. ప్రొజెక్టర్ గేటులోని ఆ ఇనుప ప్లేటు బొమ్మ పైభాగాన్నీ కింది భాగాన్నీ కోసేది. కాంతారావు గారి కత్తియుద్ధాల సినిమా వస్తే – ఆయన మన కోదాడ దగ్గరి గుడిబండ మనిషి కాబట్టి హాలు నిండేది – కిరీటాలు కనబడడానికి ఒక చేత్తో ఫ్రేమింగ్ మీట ఎత్తుతూ, ఇంకో చేత్తో ప్రొజెక్టర్‌కు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలను దగ్గరికి జరుపుతూ నిలబడేవాళ్లం. ఒక్క క్షణం ఏమరితే నేల టికెట్టు వాళ్లు వేసే ఈలలకు మేనేజరు పైకి పరుగెత్తుకొచ్చేవాడు. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం, అంటే దాని చట్రం మీ టీవీ కంటే కూడా వెడల్పు. దాన్ని మీ టీవీలో పెడితే పట్టీలు పైనా కిందా వస్తాయి. అప్పుడు కూడా రిమోట్ నొక్కి తెర నింపవద్దు.

ప్రతుల సంగతి చెప్పాలంటే, మంచి నెగటివ్ దొరకడమే గగనం. ఎసిటేట్ ఫిలిం వేడికీ తేమకూ కుళ్లి పులిసిన వాసన కొడుతుంది. అలాంటి డబ్బా మూత తీసిన రోజు నేను అన్నం తినలేకపోయాను. అందుచేత శుభ్రమైన ప్రతిలో కూడా అక్కడక్కడ గీతలు కనిపిస్తే కోపగించుకోకండి. ఆ గీతలను యంత్రంతో పూర్తిగా తుడవబోయి, వాటితో పాటు ముఖంలోని గీతలను కూడా తుడిచేస్తున్నారు.

రంగుల ప్రతి 2010 జనవరి 30న విడుదలైంది. పిల్లలను కూర్చోబెట్టడానికి అది మంచిదే, నా మనవలు దాన్నే చూశారు. మీ నాయన గారికి మాత్రం వద్దు. "లాహిరి లాహిరి" పాటలోది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెలుగునూ నీడనూ కొలుచుకుని పండించిన వెన్నెల. దాని మీద ఇంకొకరు రంగు పూస్తే పాట ఉంటుంది కానీ వెన్నెల ఉండదు.

జవాబు – హార్మోనియం వాయించేవాడిని, వనపర్తి

సౌండ్‌బార్ గురించి ఎవరూ చెప్పలేదు. అప్పటి సినిమా ధ్వని ఒకే ట్రాకు, అంటే మోనో. దాన్ని చుట్టూ తిప్పే "సరౌండ్" పెడితే మాట బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. సరౌండ్ ఆపి, మాట తేటగా వినిపించేలా పెట్టుకుంటే ముందు టీవీ స్పీకరుతోనే చూడవచ్చు. పెద్దాయనకు వినికిడి తక్కువైతే అప్పుడు ఆలోచించండి.

ఇంకొక సంగతి. మన దేశంలో టీవీ కోసం చేసిన పాత ప్రతులు చాలావరకు సెకనుకు 24 బొమ్మలను 25గా పరుగెత్తించి తీసినవి. మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది, పాటల శ్రుతి ఇంచుమించు అరస్వరం పైకి లేస్తుంది. ఘంటసాల గారి గొంతు కాస్త పలచబడినట్టు తోస్తే అనుమానం మీ చెవుల మీద పెట్టుకోకుండా సినిమా నిడివి చూడండి.

ప్రశ్న అడిగినవారు – పానగల్లు వాసి

అందరికీ నమస్కారం. మాస్టారు గారు చెప్పినట్టే మోషన్ ఆపి, సినిమా మోడ్ పెట్టి, నలుపు తెలుపుల్లో ఇంకొక ప్రతి వెతికాను. అందులో గీతలున్నాయి, మధ్యలో ఒకచోట రీలు ఎగిరింది కూడా, కానీ నుదుటి మీద ఇసుక ఉంది. నిన్న రాత్రి నాయన పూర్తిగా చూశారు. నల్లపట్టీల గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. గదిలో లైటు మాత్రం తీసేయమన్నారు. ఇంటర్వెల్ పడగానే వాకిట్లోకి వెళ్లి బీడీ ముట్టించుకుని, మళ్లీ గంట కొట్టలేదేమని అడిగారు.

వనపర్తి వారి మాట విని నిడివి కూడా చూశాను, ఏడు నిమిషాలు తక్కువే ఉంది. 24 దగ్గరే ఆగిన ప్రతి ఎవరి కంటనైనా పడితే దయచేసి ఇక్కడే రాయండి.