డిసెంబర్ 11: జయంతి, వర్ధంతి, ఆల్బమ్ విడుదల ఒకే జాబితాలో పెట్టాలా, విడగొట్టాలా?

శ్రుతిపెట్టె

ఏ తేదీకి ఆ తేదీ పుట్టిన సంగీతకారులు, పోయినవాళ్లు, విడుదలైన రికార్డులు అన్నీ కలిపి ఒక జాబితా రాస్తున్నాను. డిసెంబర్ 11 దగ్గర మెలిక పడింది, అందుకే అడుగుతున్నాను.

ఆ రోజు పుట్టినవాళ్లు: ఫ్రెంచి స్వరకర్త హెక్టర్ బెర్లియోజ్ (1803), టాంగో గాయకుడు కార్లోస్ గార్డెల్ (1890), బ్లూస్ గాయని బిగ్ మామా థార్న్‌టన్ (1926), జాజ్ పియానిస్ట్ మెకాయ్ టైనర్ (1938), పాప్ గాయని బ్రెండా లీ (1944). పోయినవాళ్లు: అమెరికన్ గాయకుడు సామ్ కుక్ (1964), ఎం.ఎస్.సుబ్బులక్ష్మి (2004), పండిట్ రవిశంకర్ (2012). విడుదలల్లో టేలర్ స్విఫ్ట్ 'ఎవర్‌మోర్' (2020).

మూడు రకాలూ కలిపి, సంవత్సరాల వరుసలో ఒకే జాబితాగా పెడదామని నా ఉద్దేశం. బెర్లియోజ్ రాకతో మొదలై, మధ్యలో సామ్ కుక్ మరణం, ఆ తర్వాత ఎం.ఎస్., రవిశంకర్, చివర్లో ఒక కొత్త ఆల్బమ్. అలా చదువుతుంటే రెండు వందల ఏళ్ల సంగీతం కళ్ల ముందు తిరుగుతుంది. మూడు ముక్కలు చేస్తే అది పోతుంది. మీరేమంటారు?

నల్లడిస్కు

వద్దండీ. ఎం.ఎస్. వర్ధంతి, రవిశంకర్ వర్ధంతి అని రాసిన లైన్ల కిందే ఆల్బమ్ విడుదల అని ఉంటే సంతాప సభలో సేల్స్ బోర్డు పెట్టినట్టు ఉంటుంది.

మర్యాద సంగతి పక్కన పెట్టండి. పుట్టుక, చావు ఎవరూ అనుకుని పెట్టుకునేవి కావు. విడుదల తేదీ కంపెనీ మీటింగ్‌లో తేలేది. 2015 జులై 10 నుంచి కొత్త ఆల్బమ్‌లు చాలా దేశాల్లో శుక్రవారమే వదలాలని రికార్డు కంపెనీలన్నీ ఒప్పందానికొచ్చాయి. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం ఉండేది. 2020లో డిసెంబర్ 11 శుక్రవారం పడింది, అందుకని ఆల్బమ్ ఆ రోజు వచ్చింది. డిసెంబర్ 11తో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇంకొకటి. ఆ ఆల్బమ్ అమెరికా తూర్పు తీరం టైమ్ ప్రకారం అర్ధరాత్రి వదిలారు. అప్పుడు కాలిఫోర్నియాలో ఇంకా 10వ తేదీ రాత్రి 9 గంటలు. వినైల్ రికార్డు వచ్చింది 2021 మే 28న. ఇందులో ఏది విడుదల? ముందు అది తేల్చండి, కలపడం గురించి తర్వాత చూద్దాం.

శ్రుతిపెట్టె

విడుదలలు తీసేస్తే మిగిలేది జనన మరణాల రిజిస్టరే కదండీ. ఒక మనిషి పుట్టాడు, పోయాడు అని రాసి, మధ్యలో ఏం చేశాడో వదిలేస్తే అతను సంగీతకారుడని ఎలా తెలుస్తుంది?

పియానోపిచ్చి

శ్రుతిపెట్టె గారికే నా ఓటు. కావాలంటే మే 7 చూడండి. 1824లో వియన్నాలో బెథోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటిసారి వాయించింది ఆ రోజే. చెవులు వినపడక ఆయన అటు తిరిగి ఉంటే, గాయని కరోలిన్ ఉంగర్ పట్టుకుని ఇటు తిప్పితే గానీ జనం చప్పట్లు కొడుతున్నారని తెలియలేదంటారు. అదే మే 7న 1833లో జర్మన్ స్వరకర్త బ్రామ్స్ పుట్టాడు, 1840లో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ పుట్టాడు. సింఫనీని ఒక మూల, ఈ ఇద్దరినీ ఇంకో మూల పెడితే ఎలా? బెథోవెన్ నీడ నుంచి బయటపడలేక బ్రామ్స్ తన మొదటి సింఫనీ పూర్తి చేయడానికి 1876 దాకా తీసుకున్నాడు. పక్కపక్కన ఉంటే చదివేవాడికి అది తట్టే అవకాశం ఉంది.

రికార్డులు లేని కాలానికి తొలి ప్రదర్శనే విడుదల. అక్కడ ఏ కంపెనీ మీటింగూ లేదు నల్లడిస్కు గారూ.

లెక్కలమాస్టారు

చైకోవ్‌స్కీ పుట్టినప్పుడు వాళ్లింట్లో క్యాలెండర్ ఏప్రిల్ 25 అని చూపిస్తోంది. రష్యాలో అప్పటికి పాత జూలియన్ క్యాలెండరే. 12 రోజుల తేడా. మీరు మురిసిపోతున్న మే 7 తర్వాతి వాళ్లు లెక్కకట్టి మార్చుకున్నది.

అసలు ఈ కాకతాళీయాలకి ఇంత విలువ ఎందుకు? ఓ 5,000 మంది పేరున్న సంగీతకారుల్ని తీసుకుంటే ఏ తేదీకైనా సగటున 13, 14 పుట్టినరోజులు పడతాయి. మరణాలు మరో అన్ని. వాటిలోంచి ముగ్గురిని ఏరి పక్కన పెట్టి, 'ఆహా ఒకే రోజు' అనుకోవడం మన సరదా. గదిలో 23 మంది ఉంటేనే ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైన ఉంటుంది.

పియానోపిచ్చి

రష్యాలో ఏప్రిల్ 25, వియన్నాలో మే 7 ఒకే రోజండీ. పేరు వేరు, అంతే. సూర్యుడు రెండుసార్లు ఉదయించలేదు కదా.

లెక్కలమాస్టారు

అలాగా. మరి జర్మన్ స్వరకర్త బాఖ్ పుట్టింది 1685 మార్చి 21 అని అందరూ రాస్తారు. అది కూడా జూలియన్ తేదీయే. కొత్త క్యాలెండర్‌లో మార్చి 31. చైకోవ్‌స్కీ తేదీని కొత్త క్యాలెండర్‌కి మార్చుకున్నాం, బాఖ్‌ది మార్చకుండా ఉంచాం. 31న జరుపుకునేవాళ్లు కూడా ఉన్నారు, తక్కువ. మీ జాబితాలో ఏ రూలు పెడతారో చెప్పండి, ఆ తర్వాత సూర్యుడి గురించి మాట్లాడుకుందాం.

పియానోపిచ్చి

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోను కూడా.

రేడియోరాత్రులు

అందరూ పాత క్యాలెండర్ల మీద పడ్డారు గానీ, అసలు పేచీ 2012 దగ్గరే ఉంది. రవిశంకర్ శాన్‌డియాగో దగ్గర పోయింది డిసెంబర్ 11 సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో. ఆ క్షణానికి ఇండియాలో 12వ తేదీ ఉదయం 6. ఆయన పుట్టింది వారణాసిలో, భారతరత్న ఇక్కడిది, వాయించిందంతా ఇక్కడి రాగాలు. ఆయన్ని తలుచుకునేవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు అందింది 12న. పేపర్లు, టీవీలు అన్నీ 12నే.

నన్నడిగితే ఆయన్ని 12న పెట్టాలి. 11న పెడితే 'ఎం.ఎస్., రవిశంకర్ ఒకే తేదీన' అని రాసుకోవడానికి బాగుంటుందని తప్ప వేరే కారణం కనపడదు. ఎం.ఎస్. పోయింది చెన్నైలో, ఇక్కడి 11న. ఒకరిది ఇక్కడి టైమ్, ఇంకొకరిది అక్కడి టైమ్ వేసి జోడీ కలపడం ఏం న్యాయం?

తాళంతప్పనివాడు

రేడియోరాత్రులు గారూ, ఇది ఒప్పుకోవడం కష్టం. ప్రాణం ఎక్కడ పోయిందో అక్కడి గడియారమే లెక్క. డెత్ సర్టిఫికెట్ మీద ఉండేది అదే. అభిమానులు ఎక్కడున్నారో చూసి తేదీ వేస్తే, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ని ఎక్కడ పెడతారు? న్యూయార్క్‌లో కాల్చింది 1980 డిసెంబర్ 8 రాత్రి పదకొండు కావస్తుండగా. ఆయన పుట్టిన లివర్‌పూల్‌లో అప్పటికే 9 తెల్లవారుజాము. అయినా బ్రిటన్‌లో కూడా 8 అనే అంటారు, ఎవరికీ అభ్యంతరం లేదు.

రేడియోరాత్రులు

లెనన్ అప్పటికి ఏళ్లుగా న్యూయార్క్ మనిషి.

తాళంతప్పనివాడు

రవిశంకర్ కూడా కాలిఫోర్నియాలో ఏళ్లుగా ఉన్నారండీ. ఆఖరి కచేరీ కూడా అక్కడే, లాంగ్‌బీచ్‌లో, 2012 నవంబర్ 4న, కూతురు అనుష్కతో కలిసి.

నల్లడిస్కు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. త్యాగరాజస్వామిని ఎక్కడ పెడతారు? ఇంగ్లిష్ లెక్కలో 1847 జనవరి 6. తిరువయ్యారులో ఆరాధన జరిగేది పుష్య బహుళ పంచమికి. అది ఒక్కో ఏడాది ఒక్కో తేదీన పడుతుంది. జనవరి 6 జాబితాలో ఆయన పేరు రాస్తే తప్పు కాదు గానీ, ఆ రోజు ఆయన్ని తలుచుకునేవాళ్లు ఎవరూ ఉండరు. తేదీ సరైనదే, రోజు మాత్రం వేరు.

శ్రుతిపెట్టె

త్యాగరాజు గారిని జనవరి 6 కింద రాసి, తిథి పక్కన వేస్తాను. అది సులువే. నాకు తలనొప్పి తెచ్చింది గార్డెల్. చూడండి ఎలా ఉందో.

ఆయన 1890 డిసెంబర్ 11న ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పుట్టారన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట, అక్కడి జనన రికార్డు ఉంది. ఉరుగ్వే వాళ్లు మాత్రం 'కాదు, మా తకువారెంబోలో పుట్టాడు' అంటారు. 1920లో గార్డెల్ స్వయంగా బ్యూనస్ ఎయిర్స్‌లోని ఉరుగ్వే కాన్సులేట్‌కి వెళ్లి, 1887లో తకువారెంబోలో పుట్టానని రాయించుకున్నాడు. దేశం వేరు, సంవత్సరం వేరు. తేదీ మాత్రం అక్కడా డిసెంబర్ 11 అనే ఇచ్చాడు! అర్జెంటీనాలో అదే రోజు జాతీయ టాంగో దినం. అదే తేదీన 1899లో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు హూలియో దె కారో పుట్టినరోజు కూడా కలిసొచ్చింది.

సంవత్సరాల వరుసలో పెడదామన్నాను కదా, 1887 దగ్గర పెట్టాలా 1890 దగ్గరా?

లెక్కలమాస్టారు

1890. ఏ కాగితం ముందు పుట్టిందో అదే సాక్ష్యం. 30 ఏళ్ల వాడు కాన్సులేట్‌లో చెప్పింది కాదు. జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలోనూ ఇంతే. బతికినంతకాలం 1900 జులై 4 అని చెప్పుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య దినం, కొత్త శతాబ్దం, వినడానికి బ్రహ్మాండం. పోయిన తర్వాత బాప్టిజం రికార్డు బయటపడితే అది 1901 ఆగస్టు 4. ఆ రికార్డు దొరకకపోయి ఉంటే ఇప్పటికీ జులై 4 జాబితాల్లో ఆయన పేరే మొదట ఉండేది, మనం దాని మీద కూడా 'ఆహా' అనుకునేవాళ్లం.

తాళంతప్పనివాడు

మాస్టారూ, కాగితమే సాక్ష్యమంటే మన ఇళయరాజా గారు? పుట్టింది జూన్ 3 అయినా కరుణానిధి గారి పుట్టినరోజు కూడా అదే కాబట్టి 2న జరుపుకుంటారు. ఆయనే వద్దనుకున్న తేదీన మనం శుభాకాంక్షలు చెప్పాలా?

లెక్కలమాస్టారు

శుభాకాంక్షలు 2న చెప్పండి. జాబితాలో 3 వేయండి. జాబితా పని శుభాకాంక్షలు చెప్పడం కాదు.

పియానోపిచ్చి

కాగితం అన్నారు కాబట్టి, బెర్లియోజ్ కాగితం సంగతి కూడా వినండి. 1803లో ఫ్రాన్స్‌లో సర్కారీ లెక్కంతా విప్లవ క్యాలెండర్‌లో. ఆయన పుట్టిన రోజు అందులో 12వ సంవత్సరం, ఫ్రిమేర్ అనే నెలలో 19. డిసెంబర్ 11 అన్నది మనం మార్చుకున్నదే. 1806 మొదట్లో ఆ క్యాలెండర్‌ని రద్దు చేశారు గనక బతికిపోయాం. ముందు పుట్టిన కాగితాన్నే పట్టుకుంటే మీ డిసెంబర్ 11 జాబితాలో మొదటి పేరే గల్లంతు.

నల్లడిస్కు

ఇది బాగుంది :)

సరే, నా అసలు అభ్యంతరానికి వస్తాను. సామ్ కుక్‌ని తీసుకోండి. 1964 డిసెంబర్ 11న లాస్ ఏంజెలిస్‌లో ఒక మోటెల్‌లో తుపాకీ కాల్పుల్లో పోయాడు, 33 ఏళ్లు. 'ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్' పాట అదే ఏడాది మొదట్లో ఆల్బమ్‌లో వచ్చింది. సింగిల్‌గా వచ్చింది డిసెంబర్ 22న, మనిషి పోయిన 11 రోజులకి, అదీ 'షేక్' రికార్డుకి రెండో వైపున. పౌర హక్కుల ఉద్యమంలో అంత పేరు తెచ్చుకున్న పాటది. దాన్ని 'డిసెంబర్ 22 విడుదలలు' అని వేరే రోజు రాస్తే ఏమర్థమవుతుంది? డిసెంబర్ 11న ఆయన మరణం పక్కనే రాయాలి.

ఎం.ఎస్. సంగతీ అంతే. వేంకటేశ్వర సుప్రభాతం ఎల్‌పీ 1963 అని అందరికీ తెలుసు. ఏ నెల ఏ తేదీ అని ఎవరూ పట్టించుకోలేదు, ఆ రోజుల్లో విడుదల రోజు అనే హడావుడే లేదు. తేదీవారీగా విడుదలలు వేస్తూ పోతే మీ జాబితాలో సుప్రభాతం ఏ రోజూ రాదు. గత పదేళ్ల శుక్రవారాల ఆల్బమ్‌లు మాత్రం అన్నీ వస్తాయి. నేను విడగొట్టమంటున్నది అందుకు. విడుదలల జాబితా తీసేయండి. పనిని మనిషి పేరు కిందే రాయండి.

శ్రుతిపెట్టె

సుప్రభాతం మాటకి నా దగ్గర ఎదురు లేదు. అలాగే చేస్తాను, ఒక సవరణతో: తొలి ప్రదర్శన తేదీ పక్కాగా తెలిసిన పాత రచనలు మాత్రం విడిగా ఉంటాయి. బెర్లియోజ్ 'సింఫనీ ఫంటాస్టిక్' 1830 డిసెంబర్ 5న పారిస్‌లో తొలిసారి వాయించారు, అది 5వ తేదీ కింద ఉంటుంది. 'ఎవర్‌మోర్' తీసేస్తున్నాను. దాని అభిమానులు నన్ను తిడితే మీ పేరు చెబుతాను నల్లడిస్కు గారూ.

గార్డెల్ 1890, పక్కన ఉరుగ్వే మాట ఒక ముక్క. రవిశంకర్ 11నే, పక్కన 'భారత కాలమానంలో 12 ఉదయం' అని.

రేడియోరాత్రులు

పక్కన వేయడం కాదండీ, 12 జాబితాలో కూడా ఒక లైను ఉండాలి. 12న వెతికేవాడు 11కి ఎందుకు వెళతాడు?

తాళంతప్పనివాడు

అప్పుడు లెనన్‌కి కూడా 9న ఒక లైను వేయాలి. చైకోవ్‌స్కీకి రెండు. బాఖ్‌కి రెండు. రెండేసి లైన్లు వేసుకుంటూ పోతే జాబితాకి అంతు ఉండదు.

పియానోపిచ్చి

ఇది తేలేలోపు డిసెంబర్ 16 వచ్చేస్తుంది, ఇప్పుడే అడిగేస్తున్నాను. బెథోవెన్‌కి దొరికింది 1770 డిసెంబర్ 17 నాటి బాప్టిజం రికార్డు ఒక్కటే. పుట్టింది 16 అని అందరూ ఊహించి రాస్తున్నదే. మాస్టారూ, కాగితమే సాక్ష్యమన్నారు, ఏ తేదీ కింద వేయమంటారు?