‘అల్లిక జిగిబిగి’ గురించి, ఊలూ సూదులూ పట్టుకునేవాళ్ల వైపు నుంచి

మొన్న గ్రూపులో ఒకరు మంచి ప్రశ్న అడిగారు. “‘అల్లసానివాని అల్లిక జిగిబిగి’ అంటారు కదా, ఆ జిగిబిగి ఏమిటి? గజిబిజి, తళుకుబెళుకు లాంటి జంటపదమా, లేక రెండు ముక్కలకీ వేరువేరు అర్థాలున్నాయా?” అని. జిగి అంటే కాంతి, బిగి అంటే బిగువు అని ఇద్దరు ముగ్గురు నిఘంటువు అర్థం చెప్పారు. అది సరైనదే. అంతటితో చర్చ ఆగిపోవడమే నాకు నచ్చలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పేదాన్ని కాదు. ఇంటి పని తెమిలాక ఊలు ఉండ ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషిని. పిల్లల టోపీలు, మేజోళ్లు, మఫ్లర్లు, చలికాలం ముందు ఒకటో రెండో స్వెట్టర్లు, ఇవే నా అల్లికలు. అయినా ఆ మాటున్న చాటువు, అంటే జనం నోళ్లలో నిలిచిన విడి పద్యం గురించి అల్లే చేతులకి తెలిసిన సంగతి ఒకటి ఉంది. అది ఇక్కడ పెడతాను, పెద్దలు తప్పొప్పులు చెప్పండి.

ముందు చాటువులోని మూడు పాదాలూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

అల్లసానివాని అల్లిక జిగిబిగి
ముక్కుతిమ్మనార్యు ముద్దుపలుకు
పాండురంగవిభుని పదగుంభనంబును

ముగ్గురికీ మూడు పంచిపెట్టింది ఈ చాటువు. తిమ్మనకి పలుకు దక్కింది. పాండురంగవిభుడికి, అంటే తెనాలి రామకృష్ణుడికి, పదం దక్కింది. పెద్దనకి పలుకూ ఇవ్వలేదు, పదమూ ఇవ్వలేదు. అల్లిక ఇచ్చింది. పెద్దన అనగానే మనం సంస్కృత సమాసాలనీ, పద సంపదనీ తలుచుకుంటాం. చాటువు మెచ్చుకున్నది ఆ సంపదని కాదు, దాన్ని పట్టిన చేతిని.

చెయ్యి అంటే ఏమిటో ఊలు అల్లేవాళ్లకి బాగా తెలుసు. ఒకే షాపులో ఒకే రంగు ఊలు కొని, ఒకే నంబరు సూదులతో, ఒకే నమూనా చూసి ఇద్దరు అల్లితే రెండు స్వెట్టర్లు రావు, రెండు సైజులు వస్తాయి. ఒకరిది బిగువు చెయ్యి, ఇంకొకరిది వదులు చెయ్యి. అల్లిక పుస్తకాల్లో దీన్ని టెన్షన్ అంటారు, అమెరికా నమూనాల్లో గేజ్ అని ఉంటుంది. మన భాషలో ఇదే బిగి.

లెక్క చూడండి. మధ్యరకం లావున్న ఊలు, 4 మిల్లీమీటర్ల సూదులు తీసుకుంటే, చాలా నమూనాల్లో 10 సెంటీమీటర్ల వెడల్పుకి 22 కుట్లు రావాలని ఉంటుంది. ఛాతీ చుట్టూ 100 సెంటీమీటర్లు కావాలంటే 220 కుట్లు వేసుకుంటాం. చెయ్యి కాస్త వదులై 10 సెంటీమీటర్లకి 20 కుట్లే వచ్చాయనుకోండి, అవే 220 కుట్లు 110 సెంటీమీటర్లవుతాయి. బిగువై 24 వస్తే 92 దగ్గర ఆగిపోతాయి. ఒక్కో కుట్టులో కంటికి ఆనని తేడా, మొత్తం మీద ఒంటికి పట్టని స్వెట్టరు.

ఇక జిగి. సీదా కుట్లు అల్లిన బట్టని వెలుతురులో పట్టుకుని దగ్గరగా చూడండి. ప్రతి కుట్టూ రెండు కాళ్లు చాపినట్టు ఉంటుంది, ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా. కింది కుట్టు మీద పై కుట్టు, దాని మీద ఇంకోటి నిలువుగా వరసకడతాయి. రెండు కాళ్లూ సమంగా పరుచుకుంటే వెలుతురు ఆ వరస పొడవునా ఒకేలా పడుతుంది, దారం మెరుస్తుంది. మరీ బిగించి అల్లితే కాళ్లు దగ్గరకి ముడుచుకుపోతాయి. బట్ట అట్టలా అయిపోతుంది, ఖరీదైన పట్టు కలిసిన దారమైనా దాని మెరుపు లోపలే నలిగిపోతుంది. వదులుగా అల్లితే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. వెలుతురు ఎక్కడికక్కడ చెదురుతుంది, దూరం నుంచి చూస్తే బట్ట మాసినట్టు కనబడుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ల బట్ట వెనక్కి తిప్పితే ఇంకో విషయం తెలుస్తుంది. రెండేసి వరసలకొకసారి గాడి పడినట్టు గీతలుంటాయి. ఉల్టా వరస, అంటే బట్ట వెనక వైపు తిప్పి అల్లే వరస, అల్లేటప్పుడు చాలామందికి సీదా వరస కన్నా చెయ్యి వదులవుతుంది. ఆ తేడా గాడిగా కనబడుతుంది. ఉల్టా వరసకి ఒక నంబరు సన్న సూది వాడితే గీతలు పోతాయి. దారం మారలేదు, రంగు మారలేదు, బిగి సమానమైంది, అంతే. దాంతో జిగి దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

అందుకే జిగిబిగి ఉత్త జంటపదం కాదని నేను అనుకుంటున్నాను. అవి రెండు వేరు గుణాలు. పైగా ఒకటి పెంచబోతే రెండోది తగ్గే ప్రమాదం ఉన్న గుణాలు. రెండూ ఒకే చేతిలో, ఒకే వరసలో కుదరడమే అల్లిక గొప్పతనం. చాటువు చెప్పినవాళ్లు అల్లిక అనే మాటని యతి కోసం మాత్రమే తెచ్చారంటే నేను ఒప్పుకోను. ‘అల్లసాని’కి ‘అల్లిక’ యతి కుదిరింది నిజమే. కానీ దాని పక్కన జిగినీ బిగినీ పెట్టినవాళ్లకి అల్లే పని ఏమిటో తెలిసే ఉండాలి.

సరే, పెద్దన పద్యంలో ఇది ఎక్కడుంది? మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాన్ని చూసే చోటిది, అందరికీ నోటికొచ్చిన పద్యమే తీసుకుంటాను.

అటజని కాంచె భూమిసురు డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠదభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

‘అంబరచుంబి’ దగ్గర మొదలైన సమాసం మూడో పాదం చివర ‘జాలమున్’ దాకా తెగదు. బిగి అంటే అది. కానీ లోపల ఏముందో చూడండి. ఆకాశాన్ని తాకే శిఖరాలు, వాటి మీంచి జారే సెలయేళ్లు, ఆ నీళ్లలో పొర్లే అలలు, అలల మోత మద్దెలలా వినిపించడం, ఆ మోతకి నెమళ్లు పురివిప్పి ఆడటం. పైనుంచి కిందికి వరస తప్పకుండా ఒక్కో దృశ్యం విచ్చుకుంటుంది. ఇంత బిగించినా ఏ ఒక్కటీ నలగలేదు. అభంగ, తరంగ, మృదంగ అని చదువుతుంటే అలల చప్పుడే వినబడుతుంది.

ఇది గొప్పదే కానీ, నాకు అంతకన్నా ఇష్టమైన బిగి వదులుగా కనిపించే పద్యాల్లో ఉంది. దారి తప్పిన ప్రవరుడు వరూధినిని పలకరిస్తాడు.

ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ యొంటి జరించె దోట లే
కివ్వనభూమి...

ఎవరమ్మా నువ్వు, ఈ అడవిలో భయం లేకుండా ఒంటరిగా తిరుగుతున్నావు అని. మామూలు మాట. కానీ పాదం చివర చూడండి. ‘ఓట లేక’ అనే మాట పాదం అంచు దాటింది. ‘లే’ పై పాదంలో ఉండిపోయింది. ‘క’ కింది పాదంలోకి దిగి, ‘ఇవ్వనభూమి’లోని ‘ఇ’తో కలిసి ‘కివ్వ’ అయింది. ఆ కలిసిన చోటే ‘వ్వ’ ప్రాస పడింది. వరసకి ఒకసారి తప్పనిసరిగా పడాల్సిన ముడి, మాట తెగకుండా మలుపు తిరిగే చోటే పడింది.

ఇది ఒక్కచోట జరిగింది కాదు. వరూధిని జవాబు చూడండి. ‘ఇంతలు కన్నులుండ తెరు వెవ్వరి వేడెదు భూసురేంద్ర యే / కాంతమునందు నున్న...’ ఇక్కడ ‘ఏకాంతము’ అంచు దాటింది, ‘ంత’ ప్రాస మీద. ఇంతింత కళ్లు పెట్టుకుని దారి ఎవరినడుగుతున్నావయ్యా అని ఆమె ఎగతాళి చేస్తుంటే మనం ఆ మాట వింటామే తప్ప ఛందస్సు వినం. ఛందస్సు లేక కాదు, బిగి సరిగ్గా ఉండబట్టి కనబడటం లేదు. దాని మీద మాట మెరుస్తోంది.

ఇప్పటికీ సినిమా చూసొచ్చి ‘రెండో సగంలో బిగి సడలింది’ అంటాం. ‘జిగి పోయింది’ అని మాత్రం ఎవరూ అనరు. ఆ మాట మన నోట్లోంచి దాదాపు జారిపోయింది. జిగేల్‌మనడంలో మాత్రం మిగిలింది.

కింద వచ్చిన వ్యాఖ్యలకి ఒక్కొక్కటిగా జవాబు రాస్తున్నాను.

“అమ్మా, మీరు చెప్పింది బాగుంది. కానీ గుంభనం అన్నా కూర్పే కదా. గుంఫనం అనే సంస్కృత పదానికి కూర్చడం, గుచ్చడం అనే అర్థం. అలాంటప్పుడు రామకృష్ణుడికీ అల్లికే దక్కినట్టు కాదా?”

మాస్టారూ, చాలా మంచి మాట అన్నారు. నేను పదం అన్నచోటే ఆగాను, గుంభనం దాకా రావలసింది. కానీ తెలుగులో ఈ పనులకి దేని మాట దానికే ఉంది చూడండి. పూలు సూదితో గుచ్చుతాం, దండ కడతాం, తాడు పేనుతాం, నూలు వడుకుతాం, బట్ట నేస్తాం, రవిక కుడతాం, జడ అల్లుతాం. బుట్ట, తడిక, నులకమంచం, ఇవీ అల్లేవే. గుచ్చిన దండలో పువ్వు పువ్వుగానే ఉంటుంది, దారం దాక్కుంటుంది. దండ తెంపితే పూలు పూలుగా మీ చేతికొస్తాయి. అల్లికలో దాక్కునే దారం వేరే లేదు, దారమే బట్ట. కొస పట్టుకుని లాగితే చివరికి ఒట్టి దారం మిగులుతుంది. పదగుంభనంలో ఏ పదానికా పదం మెరుస్తుంది, అల్లికలో ఏ మెరుపైనా మొత్తానిది. ఆ చాటువు చెప్పినవాళ్లు ఈ తేడా ఎరిగే పంచారని నా నమ్మకం. మీరు కాదంటే ఉదాహరణతో చెప్పండి, వింటాను.

“మాది నరసాపురం వైపు అక్కా. మా ఇంట్లో అందరూ లేసు అల్లేవాళ్లే. మా అమ్మ అయితే మెరుపు దారంలోనే ఉంటుంది, చేతిలో ఏముంది అంటుంది.”

అమ్మ మాట కొట్టిపారేయను. లేసు దారానికి పుట్టుకతోనే మెరుపుంటుంది. కానీ ఆ మెరుపు ఎలా వచ్చిందో తెలిస్తే అమ్మగారికీ నచ్చుతుంది. దారం ఉండ మీద మెర్సరైజ్డ్ కాటన్ అని ఉంటుంది చూడు. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లండాయన నూలుని కాస్టిక్ సోడాలో ముంచితే అది గట్టిపడి, రంగు బాగా పట్టడం గమనించాడు. కానీ నూలు కుంచించుకుపోయేది, మెరుపూ పెద్దగా లేదు. 1890 ప్రాంతంలో హొరేస్ లోవ్ అనే ఆయన అదే పనిని నూలుని లాగి, బిగించి పట్టి చేశాడు. అప్పుడు కుంచించుకుపోలేదు సరికదా, పట్టులా మెరిసింది. అంటే దారంలోని జిగి కూడా బిగి నుంచి పుట్టిందే. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

ఇంకో మాట. లేసు అల్లే చేతులకి ఊలు అల్లిక తొందరగా వస్తుంది. క్రోషే సూదికి దారం ఎడమచేతి వేళ్ల మీదుగా అందించడం మీకు అలవాటే కదా. ఊలుకీ అలాగే ఎడమచేత్తో అందించే పద్ధతి ఒకటి ఉంది. అందరూ కుడిచేత్తో చుట్టడం నేర్పుతారని అటే వెళ్లకు, నీకున్న బిగి పాడవుతుంది.

“మేము నేతవాళ్లం. పడుగూ పేకా ఉన్న నేతని వదిలి అల్లికని మెచ్చుకోవడం ఏమిటండీ? బిగి అంటే మగ్గం మీద బిగి.”

మగ్గం బిగి ముందు నా సూదులెంత అండీ. పడుగు ముందే బిగించి ఉంటుంది, పేక దాని మధ్య నడుస్తుంది. అల్లికకి ముందుగా బిగించిన పడుగు లేదు, ప్రతి కుట్టుకీ బిగి అప్పటికప్పుడు వేళ్లే చూసుకోవాలి. నేను ఎక్కువ తక్కువలు చెప్పలేదు, పని తీరు వేరని మాత్రమే అన్నాను. నేత మాటలతో ఎవరి కవిత్వాన్నైనా మెచ్చుకున్న పాత చాటువులు మీకు తెలిస్తే తప్పకుండా పెట్టండి.

“నేను ఈమధ్యే నేర్చుకుంటున్నాను ఆంటీ. అసలు పని మొదలెట్టే ముందు చిన్న ముక్క అల్లి చూసుకోమంటారు కదా, స్వాచ్ అని. దానికి తెలుగు మాట ఏదైనా ఉందా? నా ముక్కలో కుట్లు సరిగ్గా వచ్చాయి, స్వెట్టరు మాత్రం వదులవుతోంది.”

మాట ఉందమ్మా, మచ్చు. ‘మచ్చుకి ఒకటి చూపించు’ అంటాం కదా, అదే. స్వెట్టరు ఎందుకు వదులవుతోందంటే, నువ్వు మచ్చుని ఉతక్కుండా కొలిచినట్టున్నావు. కనీసం 15 సెంటీమీటర్ల చదరం అల్లు. స్వెట్టర్ని ఎలా ఉతుకుతావో దాన్నీ అలాగే ఉతికి, పిండకుండా తువ్వాలులో నొక్కి, లాగకుండా పరిచి ఆరబెట్టు. పూర్తిగా ఆరాక అంచులు వదిలేసి మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టు. ఇంకో సంగతి, నూలు దారమైతే సాగినది మళ్లీ వెనక్కి రాదు, బరువుకి ఇంకా కిందికి జారుతుంది. కాబట్టి ఆ మచ్చుని ఒక రాత్రి క్లిప్పులు పెట్టి వేలాడదీసి, అప్పుడు కొలువు. ఊలు ఏది వాడుతున్నావో, సూది నంబరెంతో రాస్తే మిగతాది చెప్తాను.