సంతకాలు ముందు, తాళి తర్వాత: హెచ్‌-4 కోసం ఇలా చేయొచ్చా?

చుక్కాని:
అబ్బాయి అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు, అమ్మాయి ఇండియాలో. రెండిళ్లూ ఒప్పుకున్నాయి, ముహూర్తం మాత్రం వచ్చే ఏడాదికే. ఈలోగా రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టేసి, ఆ సర్టిఫికెట్‌తో హెచ్‌-4కి (హెచ్‌-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) వెళ్తే తప్పేంటి? నిశ్చితార్థానికి హెచ్‌-4 ఇవ్వరు. కె-1 వీసా అమెరికా పౌరుల్ని పెళ్లాడబోయేవాళ్లకే. మరి దారేది?

మూడుముళ్లు:
ఏ చట్టం కింద సంతకాలు? తగాదా అంతా అక్కడే. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 8 కింద చేసేది అప్పటికే జరిగిన పెళ్లి నమోదు. పెళ్లే జరగకపోతే ఆ కాగితానికి విలువ లేదు. విదేశం వెళ్లడానికి టైం కలిసొస్తుందని ముందే రిజిస్టర్ చేయించే ఈ అలవాటునే 2024లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఇంటర్వ్యూలో "పెళ్లి ఫొటోలేవి?" అంటే ఏం చూపిస్తారు?

చుక్కాని:
అయితే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. అందులో తంతు అక్కర్లేదుగా.

ఫారాలరాయుడు:
అక్కర్లేదు. కానీ సెలవు లెక్క చూడండి. నోటీసుకు ముందు ఇద్దరిలో ఒకరు 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి, దానికి అమ్మాయి చాలు. నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు, అభ్యంతరాలకు మరో 30 రోజులు. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో ఇద్దరూ అధికారి ముందుకు రావాలి. నోటీసిచ్చి మూడు నెలలు దాటితే కథ మళ్లీ మొదటికే. నోటీసుకీ పెళ్లికీ కలిపి ఒకే సెలవులో రెండు వారాలకు వచ్చినవాడికి ఇది కుదరదు. ఇంట్లో తెలియకుండా చేసుకుందామనుకునేవాళ్ల గుట్టు ఆ నోటీసు బోర్డే విప్పుతుంది.

దూరపుకొండ:
ఇంత తంటా ఎందుకండీ? అమ్మాయినే ఎఫ్‌-1 విద్యార్థి వీసా తెచ్చుకోనివ్వండి. హెచ్‌-4 మీద చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయలేదు. ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలంటే అతని ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యుండాలి, లేదా హెచ్‌-1బీ ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి అదెక్కడ? ఎఫ్‌-1లో చదువయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) చదువైతే ఇంకో 24.

ఫారాలరాయుడు:
అందులో ఒక ముల్లుంది. డీఎస్‌-160 వీసా దరఖాస్తులో అమెరికాలో దగ్గరి బంధువులున్నారా అని అడుగుతారు, కాబోయే భర్త కూడా ఆ లెక్కలోకే వస్తాడు. "ఉన్నాడు" అంటే, ఈమె వెళ్లేది చదువుకు కాదు కాపురానికి, తిరిగి రాదు అనుకుని 214(బి) సెక్షన్ కింద తిప్పి పంపొచ్చు. "లేడు" అని రాస్తే, రేపు హెచ్‌-4కి వెళ్లినప్పుడు పాత ఫారం బయటికొస్తుంది. తప్పుడు సమాచారమని తేలితే జీవితాంతం అడ్డే. తిరస్కరణ అలా వెంటాడదు. హెచ్‌-4కి తిరిగొస్తామని రుజువు చేసుకోవాల్సిన పని లేదు కాబట్టి, నిజం చెప్పి ఎఫ్‌-1 పోగొట్టుకున్నా ఆ దారి మిగిలే ఉంటుంది.

మూడుముళ్లు:
అందుకే అంటున్నా, చిన్న గుళ్లో నిజంగానే పెళ్లి చేసేయండి. ఏడడుగులు, పెద్దవాళ్లు కనపడే ఫొటోలు, గుడి రసీదు, ఆ తేదీతోనే నమోదు. వచ్చే ఏడాది విందు ఎంత ఘనంగానైనా పెట్టుకోండి.

చుక్కాని:
తాళి కట్టాక మళ్లీ ముహూర్తమేంటని అమ్మమ్మలు ఊరుకోరు లెండి. తేదీ సంగతిలో మాత్రం మీ మాటకే వస్తాను. రసీదు మీద పేర్లెలా ఉండాలి?

ఫారాలరాయుడు:
పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు పూర్తిగా. టెన్త్ మెమోలో "కె." అని ఒక్క అక్షరమే ఉంటుంది, చాలాచోట్ల అది చూసే టైప్ చేస్తారు. సంతకం పెట్టకముందే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.