రైతుల టోకెన్ల వెబ్ అప్లికేషన్‌ను విడుదలకు ముందు ఎలా పరీక్షించాలి?

కొత్తకలం (ప్రశ్న):
నమస్కారం. ధాన్యం అమ్ముకునే రైతులు ఏ రోజు కాటాకు రావాలో ముందుగానే టోకెన్ తీసుకునే వెబ్ అప్లికేషన్‌ను మేము నలుగురం కలిసి ఒక రైతు సంఘం కోసం తయారు చేశాము. కోతలు మొదలయ్యేలోగా, అంటే మూడు వారాల్లో, దీన్ని అందరికీ తెరవాలి. మా ల్యాప్‌టాప్‌లలో అన్నీ సరిగానే నడుస్తున్నాయి. అయితే టోకెన్‌లో తప్పు జరిగితే రైతు బస్తాలతో వచ్చి, ట్రాక్టర్ కిరాయి నష్టపోయి వెనుదిరగవలసి వస్తుంది కనుక నాకు ధైర్యం చాలడం లేదు. దేనితో మొదలుపెట్టాలి?

గట్టుమీద:
ఆ రోజుకు ఒక్క టోకెనే మిగిలి ఉండగా ఇద్దరు ఒకే క్షణంలో బటన్ నొక్కితే ఏమవుతుందో ముందు చూడండి. ఖాళీ ఉందో లేదో కోడ్ చూసుకుని ఆ తరువాత నమోదు చేస్తుంటే, ఆ రెండు పనుల నడుమ మరొకరి అభ్యర్థన దూరిపోతుంది; ఒక్కరే కూర్చుని పరీక్షించినంత కాలం ఈ లోపం బయటపడదు. ఒకే తేదీకి ఒకే టోకెన్ సంఖ్య రెండుసార్లు రాకూడదన్న నిబంధన డేటాబేస్‌లోనే ఉండాలి. ఒకేసారి అనేక అభ్యర్థనలు పంపే ఉపకరణం జేమీటర్‌తో 200 అభ్యర్థనలు ఒక్కసారిగా పంపి, తెరమీది సందేశాన్ని నమ్మకుండా, డేటాబేస్‌లో వరుసలు లెక్కపెట్టండి. నొక్కిన వెంటనే సిగ్నల్ పోయి రైతు మళ్లీ నొక్కితే రెండు టోకెన్లు రాకుండా ఉండాలన్నది కూడా ఇక్కడే తేలాలి.

అక్షరం:
తెలుగు విషయంలో రెండు జాగ్రత్తలు చెబుతాను. టోకెన్ వివరాలను ఎస్సెమ్మెస్‌లో పంపేటట్లయితే, తెలుగు లిపిలో రాసిన (యూనికోడ్) ఎస్సెమ్మెస్ ఒక్కదానిలో 70 స్థానాలే ఉంటాయి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా వేర్వేరుగా లెక్కకు వస్తాయి కనుక రెండక్షరాల "ధాన్యం" ఒక్కటే 6 స్థానాలు తీసుకుంటుంది. ఇక "శ్రీనివాస్" వంటి పేరు చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని అక్షరాన్ని చేరుస్తాయి. అప్పుడు పేరు వెతికితే దొరకదు. సర్వర్ గడియారం యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే, అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 లోపు తీసుకున్న టోకెన్‌పై ముందురోజు తేదీ పడే ప్రమాదమూ ఉంది.

పాతకాపు:
అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటు హెల్త్‌కేర్.గవ్ 2013 అక్టోబరు 1న తెరుచుకున్నప్పుడు మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురే. మొదటి నుంచి చివరిదాకా కలిపి చేసే పరీక్ష ప్రారంభానికి సుమారు రెండు వారాల ముందు మాత్రమే మొదలైందని దాన్ని తయారు చేసిన గుత్తేదారులు అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ ఎదుట చెప్పారు. అందుచేత మీరు ఈ వారమే పదిమంది రైతులను వారి ఫోన్లతోనే కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా, లాగిన్ నుంచి కాటా చీటీ దాకా చేయించండి. వారు ఎక్కడ ఆగిపోయారో రాసుకోవడమే మీ పని.

కొత్తకలం:
గట్టుమీద గారూ, మీరు చెప్పినట్లే 200 అభ్యర్థనలు పంపి చూశాను. 40 టోకెన్లు ఉండవలసిన రోజుకు 43 జారీ అయ్యాయి, నలభయ్యో నంబరు నలుగురికి వెళ్లింది. నిబంధనను డేటాబేస్‌లో పెట్టి రేపు మళ్లీ పరీక్షిస్తాను. ఆదివారం రైతులను పిలిచాము.